ఎనిమిది దెబ్బలకు ముందు

కోట బురుజు మీద మొసుకే బూడిదపళ్ళాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకుని, అగరుపొడిని మలుపులు తిప్పుతూ ముగ్గులా పోస్తున్నాడు. మలుపుకొక వెదురుపుల్ల గుచ్చాడు. నిప్పు పాకుతూ పుల్ల దగ్గరికి వస్తే నగారా కొట్టాలి, రాకపోతే కొట్టకూడదు. మధ్యాహ్నానికి తొమ్మిది దెబ్బలు, ఆపైన జాముకొకటి తగ్గుతూ పొద్దుగూకేసరికి ఆరవుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతనికి తెలిసిన విద్య ఇదొక్కటే. ఆ విద్యకు కుడి భుజం లావెక్కింది, ఎడమ చెవి దాదాపు పోయింది. కోటలో అతని ముఖం చాలామందికి తెలియదు కానీ అతని దెబ్బ తెలియనివాళ్ళు లేరు.

ఇరవై రోజులుగా వాన తెరిపివ్వలేదు. అవతలి నిరసావా దొర అదను చూసుకుని నదికి అడ్డంగా మట్టికట్ట పోయించి, నీళ్ళన్నీ మా కోట మీదికి తోలాడు. దిగువ ప్రాకారం, గుర్రపుశాలలు, మొసుకే ఇల్లు అన్నీ నీళ్ళకిందే ఉన్నాయి. నిరుడు ఇదే నిరసావా దొర మా దొరగారి చెల్లెల్ని చేసుకుని, ఈ బురుజెక్కి నగారా విని ముచ్చటపడి, మొసుకేకు ఒక గుడ్డ తాను ఇచ్చి వెళ్ళాడు. బావగారు శత్రువు ఎప్పుడయ్యాడో, ఎందుకయ్యాడో మొసుకేకు ఎవరూ చెప్పలేదు. అడగగలిగేంత వాడూ కాదు.

నిన్న రెండు పక్షాలూ ఒక మాటకు వచ్చాయి. మధ్యాహ్నం తొమ్మిది దెబ్బలు పడగానే ఆడవాళ్ళూ పిల్లలూ పడవల్లో బయటికి పోవచ్చు. తర్వాతి జాముకు ఎనిమిది దెబ్బలు పడేదాకా ఎవరూ బాణం వేయరు. ఆ దెబ్బలతో పడవలు ఆగిపోతాయి, మిగిలినవాళ్ళు కోటలోనే ఉండిపోవాలి. కొలత మాత్రం కోట నగారాదే. ఉన్నవి రెండు పడవలు, వెళ్ళాల్సినవాళ్ళు మూడు వందల మంది. వరస హోదాను బట్టి పెట్టారు. దొరసాని అందరికంటే ముందు, నగారా కొట్టేవాడి పెళ్ళాం అందరికంటే వెనక.

"నేను పోను," అంది అతని పెళ్ళాం ఇసె పొద్దున బురుజెక్కి వచ్చి. "నువ్విక్కడుంటే నేనక్కడేం చెయ్యను?"

"మీ అక్క ఊరు చేరుకోవే. కోట మునిగితే నాకు ఈతొచ్చు."

"నీకా! స్నానాల తొట్టిలోనే మునగబోయావు గదయ్యా!"

ఇద్దరూ నవ్వారు. నవ్వినాక ఆమె ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని దిగిపోయి వరస చివర నిలబడింది.

తొమ్మిది దెబ్బలు పడ్డాయి. పడవలు కదిలాయి. మొసుకే ఒక కన్ను నిప్పు మీద, ఒక కన్ను వరస మీద వేసి కూర్చున్నాడు. పడవ వెళ్ళి తిరిగొచ్చే తీరు చూస్తే ఇసె వంతు వచ్చేలా లేదు. నిప్పు సగం దారి దాటింది. వరసలో ఇంకా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి తిరిగి చూసేసరికి పళ్ళెంలో పొగ లేదు. చెమ్మకు నిప్పు ఆరిపోయింది.

ఎప్పుడు ఆరింది? ఇప్పుడేనా? చాలాసేపయిందా? పొద్దు చూసి తెలుసుకుందామంటే ఆకాశమంతా ఒకే బూడిదరంగు. అంచనాగా కొట్టేస్తే అది అబద్ధపు దెబ్బ. ఆరిన చోటునుంచి మళ్ళీ వెలిగిస్తే అదీ అబద్ధమేనేమో. నిప్పు పుల్లను తాకకుండా కర్ర ఎత్తకురా అని తండ్రి నేర్పాడు. ఆరిన నిప్పు గురించి ఆయన ఏమీ చెప్పలేదు. తాను వెలిగిస్తున్నది తండ్రి మాట కోసమా, ఇసె కోసమా? ఆరిన చోటే నిప్పు పెట్టాడు. ఊదితే త్వరగా పాకేదే, ఊదలేదు. ఊదకపోవడం తప్పో కాదో కూడా అతనికి తెలియలేదు.

కాపలా అధికారి హనవా ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏరా మొసుకే, ఇంకా కొట్టవేం? అవతల గోల పెడుతున్నారు."

"నిప్పు ఇంకా పుల్ల దగ్గరికి రాలేదండి."

"జాము ఎప్పుడో దాటిందని నా కడుపు చెప్తోంది."

"మీ కడుపు ఖాళీగా ఉందండి. అది ముందే కొట్టేస్తుంది."

హనవా నవ్వబోయి మానేశాడు. పళ్ళెం వంక చూశాడు, వరస వంక చూశాడు, గోడకు చేరబడ్డాడు.

ఆఖరి పడవలో ఇసె ఎక్కింది. ఆమె అవతలి గట్టు చేరిన చాలాసేపటికి నిప్పు పుల్లను తాకింది. మొసుకే ఎనిమిది దెబ్బలూ నిదానంగా కొట్టాడు.

వెంటనే అవతలినుంచి కబురొచ్చింది. కోటవాళ్ళు జాము సాగదీసి మోసం చేశారు, నగారా కొట్టినవాణ్ణి పంపండి, లేకపోతే ఆడవాళ్ళందర్నీ వెనక్కి తోలేస్తాం అని.

"ఉన్నమాట చెప్పు. కావాలనే చేశావా?" అన్నాడు హనవా.

"నిప్పు ఆరిందండి. మళ్ళీ వెలిగించాను. కావాలనో కాదో నిజంగా తెలియదు. వాళ్ళకీ అదే చెప్తాను."

"తల తీస్తార్రా! ఏదో ఒక అబద్ధమాడు."

"అబద్ధమాడాలంటే ముందు నిజమేదో తెలియాలి కదండీ."

దిగుతుంటే చివరి మెట్టు మీద వెదురుపొరలో చుట్టిన చిన్న పొట్లం కనిపించింది. ముడి మీద ముడి వేయడం ఇసె అలవాటు. కోటలో మనిషికి రోజుకు ఒక్క అన్నపుముద్ద కొలిచి పెడుతున్నారు. ఆమె తనది ఇక్కడ వదిలి పడవెక్కింది. మొసుకే వంగి ముడిని వేలితో తాకాడు.

"తిని రా, నేనుంటాను," అన్నాడు హనవా.

"అక్కడ వాళ్ళు వానలో నిలబడి ఉన్నారండి. వచ్చాక తింటాను."

ఆడవాళ్ళను వెనక్కి తోలకుండా వదిలేశారని పొద్దుగూకేలోపు తెలిసింది. మొసుకే తిరిగి రాలేదు. ఆ సాయంత్రం కోటలో ఆరు దెబ్బలు పడలేదు.

తెల్లారి చూస్తే చివరి మెట్టు మీద ఆ పొట్లం వేసిన ముడులతో అలాగే ఉంది. అంత ఆకలిలోనూ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.