తునికాకు పెట్టిన పేజీ

ఆ ఫోటో పెట్టాలన్న బుద్ధి ఎందుకు పుట్టిందా అని ఉమారాణి ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటూనే ఉంటుంది. పెట్టకపోతే ఏమయ్యేది? ఏమీ కాదు. అందరూ హాయిగా కూర్చుని కథ వింటూ ఉండేవాళ్ళు.

బోధన్‌లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వైపు పోయే దారిలో ఒక చిన్న గ్రంథాలయం. అందులో లైబ్రేరియన్, అటెండరు, ఊడ్చే మనిషి అన్నీ ఉమారాణే. పొద్దున పేపర్ల కోసం నలుగురు పెద్దమనుషులు వస్తారు, సాయంత్రం వాళ్ళూ రారు. ఒకరోజు వానకు తడవకుండా ఇద్దరు బీడీలు చుట్టే ఆడవాళ్ళు వరండా ఎక్కారు. ఊరికే కూర్చోవడమెందుకని ఉమారాణి ఒక నవల తీసి గట్టిగా చదివింది. మర్నాడు వాన లేదు. అయినా ఐదుగురు వచ్చారు! దసరా నాటికి ఇరవై రెండు మంది.

వట్టి చేతులతో వచ్చారనుకునేరు. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టాల్సిన వేళ్ళు కథ కోసం ఆగుతాయా? చెవులు నవల్లో, చేతులు చాటలో. అట్ట ఊడిపోయి ఆ నవలకు పేరు కూడా మిగల్లేదు. రైలు తప్పి, తెలియని ఊళ్ళో దిగిపోయిన పార్వతి అనే పిల్ల కథ. ఆ పిల్లను మోసం చేసినవాణ్ణి "థూ, వాని నోట్ల మన్నువడ!" అని అందరూ కలిసి తిట్టేవాళ్ళు. చదువు ఆపగానే వసంతమ్మ ఒక తునికాకు ముక్క గుర్తుగా పేజీలో పెట్టేది. ఇంకెవరూ పెట్టకూడదు, అది ఆమె హక్కు.

అసలు వింత వేరే ఉంది. వసంతమ్మది పైగల్లీ, రాధాబాయిది కిందిగల్లీ. నల్లా నీళ్ళ దగ్గర మొదలైన కొట్లాటకు పదేళ్ళు నిండాయి, ఒక గల్లీ వాళ్ళు ఇంకో గల్లీ గడప తొక్కరు. గ్రంథాలయం ఎవరి ఇల్లూ కాదు కాబట్టి ఇక్కడ పక్కపక్కన కూర్చున్నారు. రాధాబాయి దారం అయిపోతే వసంతమ్మ తన ఉండలోంచి తెంపి ఇచ్చిన రోజు ఉమారాణికి కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ సంతోషంలోనే ఫోటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

ఎంత బాగా వచ్చిందో ఫోటో! ఇరవై రెండు చాటలూ వచ్చాయి. వాటి వెనక గోడ మీది ఎర్ర బోర్డు కూడా వచ్చింది: 'ఈ ఆవరణలో పొగాకు నిషేధం'.

మూడో రోజు జిల్లా ఆఫీసు నుంచి పెద్దసారు వచ్చాడు. చెడ్డవాడు కాదు, అదే బాధ. చెడ్డవాడైతే కనీసం మనసారా తిట్టుకోవచ్చు.

"మంచి పని చేసినవమ్మా. గని తంబాకు లోపలికి రావద్దు. వరండ గూడ ఆవరణనే. రేపు ఎవరన్న కంప్లేంట్ ఇస్తే నీ నౌకరీ, నా నౌకరీ రెండు పోతయి. చాటలు ఇంట్ల పెట్టి రమ్మను."

"చాట లేకుంట ఆళ్ళు రారు సార్. ఒక్క గంట ఊకె కూసుంటే బీడీలు కార్ఖానకు అందయి."

"నన్నేం జెయ్యమంటవ్? రూలు నేను రాసిన్నా?"

మొదటి రోజు నలుగురు ఖాళీ చేతులతో వచ్చారు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ కదిలారు. వారం తిరిగేసరికి ఎవరూ లేరు. పోనీ నేనే పోతానని ఉమారాణి సెలవు రోజున పుస్తకం పట్టుకుని రాధాబాయి అరుగు మీద కూర్చుంది. పైగల్లీ నుంచి ఒక్కరు దిగితే ఒట్టు. తర్వాతి సెలవుకు వసంతమ్మ ఇంటి ముందు కూర్చుంటే కిందిగల్లీ వాళ్ళు రాలేదు.

"నీ మీద కోపం లేదు బిడ్డా," అంది రాధాబాయి. "ఆ గడప తొక్కితే మా ఇంట్ల నన్ను బత్కనియ్యరు."

ఇంక ఎవరిని బతిమాలాలో ఉమారాణికి తోచలేదు. నవలలో మిగిలింది పదకొండు పేజీలే. వసంతమ్మను పిలిచి పుస్తకం చేతిలో పెట్టింది.

"నీ మనుమరాలు రుచిత ఉన్నది గద అవ్వా, ఇంట్ల చదివించుకో."

వసంతమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని తీసుకుపోయింది. పదిహేను రోజుల గడువు ఆఖరి రోజున తెచ్చి బల్ల మీద పెట్టింది. తునికాకు ముక్క ఎండి పెళుసుబారి, ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది.

"రుచిత చదవలేదా?"

"అది ఇంగ్లీషు బడి పిల్ల. తెలుగు ఒక్కొక్క అచ్చరం కూడుకుంటది. రెండు లైన్లు సదివి, 'అవ్వా, ఫోన్ల సినిమ సూపిస్త తియ్' అన్నది."

ఉమారాణి పుస్తకం తెరిచింది. "కూసో అవ్వా. పార్వతి ఇల్లు చేరిందో లేదో నేను చదువుత."

వసంతమ్మ గభాలున పేజీకి చెయ్యి అడ్డం పెట్టింది. "ఒద్దు బిడ్డా! నాకొక్కదానికి సదవకు. ఆ రాధి నాకంటె ఎక్కువ ఏడ్సింది గా పిల్ల కోసం. అది లేంది నేనెట్ల వింట?"

ఖాళీ హాలును ఒకసారి చూసింది. ఆకు ముక్కను పేజీలోకి సరిగ్గా నెట్టి, పుస్తకం మూసింది. "చాటలు రానిచ్చినప్పుడు సదువుదువు తియ్," అని మెట్లు దిగిపోయింది.

చాటలు రానివ్వరని ఆమెకూ తెలుసు. పుస్తకం తిరిగి వచ్చిన తేదీ ఉమారాణి రిజిస్టరులో రాసింది. ఆకు తీయకుండానే దాన్ని అల్మారాలో పెట్టింది.