ఫోన్లు డిపాజిట్ చేశాక

మునికుమార్ చేతిలోంచి ఫోను తీయించడానికి ధరణికి దేవుడు తప్ప వేరే దిక్కు కనపడలేదు. మొక్కుందని అబద్ధమాడి వడమాలపేట నుంచి తిరుమలకు లాక్కొచ్చింది. ఇంట్లో అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నా తలెత్తని మొగుడు, దర్శనానికి ముందు ఫోన్లు డిపాజిట్ చేసే కౌంటర్ దగ్గర మాత్రం కిమ్మనకుండా ఇచ్చేశాడు. ఆమె కూడా తన ఫోను ఇచ్చింది.

చెప్పాల్సింది ఒకటే మాట. తడలో అమ్మ దగ్గరికి పోతున్నాను, మళ్ళీ రాను. ఆ మాట అతను తన ముఖం చూస్తూ వినాలి. అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్‌లో ఉప్మా పెట్టారు. తిన్నారు. అతని బొటనవేలు ఉత్త అరచేతి మీద పైకీ కిందికీ కదులుతోంది. తన చేయి కూడా ఊరికూరికే సంచిలోకి పోయి వస్తోందని ఆమె గమనించుకోలేదు.

"మామా, నీకొక మాట చెప్పల్ల."

"షాపు సంగతేనా? ఇప్పటికన్నా అడిగినావు."

పుత్తూరులో అతనికి ఫ్యాన్సీ షాపు ఉంది.

"షాపుకేమైంది?"

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఇన్నాళ్లూ ఆమె కోరుకున్న చూపే అది.

"ఎత్తేసినా గదా. పోయిన నెలే సెప్తి. ఇంక ఎట్లామే అంటే, ఊ అన్నావు."

"ఎప్పుడు?"

"నువ్వు పండుకోని రీల్స్ సూస్తాంటివి."

ధరణి ఎంత వెతుక్కున్నా ఆ మాట గుర్తు రాలేదు. సిగ్గేసింది. ఏడుపొస్తుందనుకుంది, అదీ రాలేదు.

"మరి పొద్దున్నే క్యారియర్ ఎత్తుకోని యాడికి పోతాండావు?"

"పుత్తూరు బస్టాండుకు. ఆడ కూసోని ఫోను సూసుకుంటా. సందేళకు వస్తా."

తను కట్టిచ్చిన అన్నం రోజూ బస్టాండు బెంచీ మీద ఒక్కడే తింటున్నాడు. తడ మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది. ఇంతలో గేటు తీశారు. గోవిందా అంటూ జనం లేచారు. స్వామి ముందు నిలబడినంతసేపూ ఆమెకు ఏమి అడగాలో తోచలేదు.

కౌంటర్‌లో ఫోన్లు తిరిగిచ్చారు. ధరణి తన ఫోనును ఆన్ చేయకుండానే సంచిలో వేసుకుంది. కొండ దిగే బస్సులో అతని పక్కనే కూర్చుంది.

"మామా, రేపు నేనూ వస్తా బస్టాండుకు. ఇద్దురికీ అన్నం కట్టుకొస్తా."

ఫోను వెలుగు అతని ముఖం మీద పడుతోంది. బొటనవేలు ఆగలేదు.

"ఊ" అన్నాడు.