ఒక్కరూ పాసవని క్లాసు

బడి చదువు ముగిసిన పిల్లలకు సర్టిఫికెట్లిచ్చే రోజు అది. పిల్లాడు వేదిక మీదికి ఒక పక్కనుంచి ఎక్కాలి, పెద్దమనిషి చేతిలోంచి కాగితం అందుకోవాలి, రెండో పక్కనుంచి దిగాలి. ఏటా జరిగేదే. ఆ ఏడు మాత్రం దిగే మెట్ల దగ్గర సిపాయిలు నిలబడ్డారు. దిగినవాణ్ణి దిగినట్టే రెక్క పుచ్చుకుని, వెనక గుమ్మంలోంచి లారీ ఎక్కించారు. ముందు కూర్చున్న తల్లులు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. పిల్లలు ఫోటో కోసం లోపలికి వెళ్ళారనుకున్నారు పాపం. సంగతి తెలిసి లేచి పరిగెత్తేసరికి లారీ గేటు దాటింది. సర్టిఫికెట్లు కొన్ని మెట్ల మీదే పడి ఉంటే హెడ్మాస్టరు ఏరి, దుమ్ము దులిపి, ఎవరి తల్లికి వాళ్ళ కాగితం ఇచ్చి, అభినందనలు కూడా చెప్పాడు.

యుద్ధం అందరిదీ అంటారు కదా. ఇదీ వినండి. మిలిటరీ బట్టల కాంట్రాక్టరు కొడుకు కూడా ఆ క్లాసే. వాడికి సరిగ్గా ఆ వారమే గుండె జబ్బొచ్చింది. ముందు రోజు దాకా మైదానమంతా బంతాట ఆడిన గుండె అది. ఏం జబ్బో ఏమో, లారీ వెళ్ళిపోయిన మర్నాడే నయమైంది.

ఆ కాగితం అందుకున్న తల్లుల్లో ఒకావిడ ఆ కాంట్రాక్టరు నడిపే మిలిటరీ లాండ్రీలో పనిచేసేది. ఆవిడ పక్కన కూతురు. ఈ కథ ఆ కూతురిది. బళ్ళో ఎప్పుడూ మొదటి మార్కు తనదే కాబట్టి పంతుళ్ళ నుంచి పనివాళ్ళ దాకా అందరూ ఆమెను ‘ఫస్టు’ అనే పిలిచేవారు.

అన్న వెళ్ళాక ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఉత్తరం లేదు, కబురు లేదు. ఖాళీ మంచం మీద తల్లి మడత బట్టలు పెట్టేది. వాటిని తియ్యాలంటే ఫస్టుకు చెయ్యి రాదు. తల్లి లాండ్రీ నుంచి వచ్చేసరికి ఒళ్ళంతా బట్టల సోడా వాసన, వేళ్ళ సందుల్లో చర్మం ఊడిపోయి ఉండేది. “నువ్వు డాక్టరువైతే ముందు ఈ చేతులకే మందు రాయాలే” అని ఒక్కోసారి నవ్వేది. ఆ ఇంట్లో నవ్వంటే అదే. హెడ్మాస్టరు మాటిచ్చాడు మరి: చివరి పరీక్షలో మొదటొచ్చినవాళ్ళకు రాజధానిలో డాక్టరు చదువు, హాస్టలు, అంతా ఉచితం.

బళ్ళో ఇంకా ఒంటరితనం. ఆమెతో చదివిన ఆడపిల్లలంతా ఒక్కొక్కరే మానేసి లాండ్రీలోనో, గుండ్ల ఫ్యాక్టరీలోనో చేరిపోయారు. చివరి క్లాసులో ఆడపిల్ల ఆమె ఒక్కతే. ముందు బల్ల మొత్తం ఆమెదే. వెనక బల్ల మీద బండి తోలేవాడి కొడుకు పొడుగోడు. వాడు మెడ సాచి ఆమె కాగితంలోకి తొంగిచూడటం, ఆమె ఎడమ మోచేతితో కాగితాన్ని కప్పేయడం రోజూ ఉండేదే. ఆ మోచేతికి క్లాసులో ‘ఇనప గేటు’ అని పేరు. అంతకు మించి ఆమెతో ఎవరికీ మాటల్లేవు.

పరీక్షలు దగ్గరకొచ్చాయి. ఒకరోజు హెడ్మాస్టరు క్లాసుకొచ్చి బల్ల గుద్దాడు.

“ఫెయిలై బళ్ళోనే కూర్చుంటే పటాలం తప్పుతుందని కొందరు తెలివిమంతులు అనుకుంటున్నారట. ఆ పప్పులుడకవు. క్లాసులో ఏ ఒక్కరు పాసైనా క్లాసు ముగిసినట్టే. పాసైనవాడివీ ఫెయిలైనవాడివీ అందరి పేర్లూ బడి రిజిస్టరులోంచి కొట్టేస్తాం. పేరు పోయిన మగపిల్లాడు పటాలానికే. ఒక్కరంటే ఒక్కరూ పాసవకపోతేనే క్లాసు మళ్ళీ నడపాలని రూలు. అలాంటిది ఈ బడి పుట్టాక జరగలేదు. ఇదిగో, మన ఫస్టు ఉండగా జరగదు కూడా!”

బెదిరించడానికొచ్చిన మనిషి దారి చెప్పి పోయాడు. వెనక నుంచి అన్ని కళ్ళూ తన వీపు మీదే ఉన్నాయని ఫస్టుకు తెలుసు. తిరిగి చూడలేదు.

ఆ సాయంత్రమే అమ్మకు కేరేజీ పట్టుకుని లాండ్రీకి వెళ్ళింది. యుద్ధం నుంచి మూటలు మూటలుగా వచ్చిన చొక్కాల్ని అక్కడ ఉతుకుతారు, చిరుగులకు మాసికలు వేస్తారు, మళ్ళీ కొత్త కుర్రాళ్ళకు తొడుగుతారు. పెరడు నిండా తాళ్ళ మీద తడి చొక్కాలు. వాటి అవతల మగపిల్లల గొంతులు. వాళ్ళ తల్లులూ అక్కడే పనిచేస్తారు కాబట్టి మీటింగు అక్కడ పెట్టుకున్నారు. ఫస్టును ఎవరూ పిలవలేదు.

“అందరం తెల్ల కాగితాలిచ్చేద్దాం” అన్నాడు పొడుగోడు.

“అది రాస్తుందిరా. మన తెల్ల కాగితాలు పడవలు చేసుకోడానికే.”

“దానికేం పోయింది, ఆడపిల్ల. దాన్ని లారీ ఎక్కిస్తారా?”

“ఏరు దాటి తెప్ప తగలేసే రకం. నాకు ఒక్క లెక్క చూపించిన పాపాన పోలేదు.”

ఆమె చొక్కాలు పక్కకు నెట్టుకుని వచ్చి వాళ్ళ మధ్య నిలబడింది. “ఎదురుగా అనండి!”

పొడుగోడు తడబడ్డా వెనక్కి తగ్గలేదు. “ఎదురుగానే అంటా. నువ్వు రాస్తే మేం పోతాం. అంతే.”

“రాయకపోతే నేనీ సోడా నీళ్ళల్లో పోతాను! మా అమ్మ చేతులు చూశారా మీరు? అయినా మీరు నాకేమవుతారు? ఏడాదిగా నాతో ఒక్కరు మాట్లాడారా?”

“నువ్వు మాట్లాడావా?”

ఈలోగా బట్టలు పిండే ఒకావిడ కొంగు బిగించి వచ్చింది. “నా కొడుకు పోతే నీ సీటు నాకు కూడెడుతుందా?” అంది. అంతే, ఫస్టు తల్లి తొట్టె దగ్గర్నుంచి ఉరికింది. “నా కొడుకు పోయినప్పుడు ఎవరాపారే? ఒక్కదాన్ని మిగుల్చుకుంటే తప్పైందా?” ఇద్దరూ జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. బాయిలరు దగ్గర పనిచేసే ముసలి పెద్దమ్మ బొగ్గు పార నేలకేసి కొట్టింది.

“ఆపండెహె! ఒకరి జుట్టు ఒకరు పీక్కోండి, కాంట్రాక్టరు కిటికీలోంచి చూసి సంతోషిస్తాడు! పిల్లల్ని లారీ ఎక్కించేది ఈ పిల్లా? ఈ చొక్కాల మీద మేడలు కట్టేది దీని అమ్మా? తిట్టదల్చుకుంటే అటు తిరిగి తిట్టండి!”

అందరూ తలలు దించుకున్నారు. మగపిల్లలు వెళ్ళిపోయారు. తల్లి మళ్ళీ తొట్టె దగ్గర కూర్చుని ఒక చొక్కా మెడ రుద్దుతూ, “ఎవరేమన్నా నువ్వు రాయి” అంది. కాసేపటికి తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, “ఈమధ్య వచ్చేవన్నీ మెడలు సన్నవేనే. పిల్లలవి” అంది.

పరీక్ష దాకా ఫస్టు చదివింది. చదివింది తలకెక్కింది కూడా. కానీ ఎవరితో చెప్పుకోవాలి? అమ్మ ముందు ‘రాయను’ అనలేదు, క్లాసు ముందు ‘రాస్తాను’ అనలేదు. అన్న ఉంటే వాడితో పోట్లాడైనా తేల్చుకునేది. బళ్ళో ఆమె దాహానికి వెళ్తే కుళాయి దగ్గర ఉన్నవాళ్ళు దారిచ్చి తప్పుకునేవారు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు.

పరీక్ష రోజు హాలు బయట లారీ అప్పటికే వచ్చి ఉంది. ప్రశ్నలు పంచారు. మగపిల్లలంతా కలాలు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నారు. హెడ్మాస్టరు బతిమాలాడు, తిట్టాడు, చివరికి లారీతో వచ్చిన మేజరును పిలుచుకొచ్చాడు. మేజరు అందర్నీ ఒకసారి చూసి, “సరే, వీళ్ళని ఎండలో నిలబెట్టండి. ఆ అమ్మాయి ఒక్కతే రాస్తుంది. మనకు ఒక్కటి చాలు” అన్నాడు.

బూట్ల చప్పుడు, బల్లల చప్పుడు. తర్వాత హాలంతా ఖాళీ. గుమ్మం దగ్గర హెడ్మాస్టరు నిలబడి, “రాయమ్మా, నీ జీవితం నీది. నిన్నెవరూ చూడట్లేదు” అన్నాడు మెల్లగా.

మొదటి ప్రశ్న చూడగానే జవాబు మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. కలం దానంతటదే కదిలింది. రాస్తుంటే ఎంత హాయిగా ఉందో! చాలా రోజుల తర్వాత ఊపిరాడినట్టయింది. సగం పేజీ నిండింది. రెండో ప్రశ్నకు పోబోతూ ఆమె తన ఎడమ చేతిని చూసుకుంది. మోచెయ్యి కాగితాన్ని కప్పి ఉంది.

ఎవరి నుంచి దాస్తున్నట్టు? వెనక్కి తిరిగింది. ఖాళీ బల్లలు. మెడ సాచేవాడు లేడు, వీపున కలంతో పొడిచేవాడు లేడు. ఆ బల్లల వాళ్ళు ఇక ఎప్పటికీ రారని, తను రాజధానిలో ఏ పుస్తకం తెరిచినా వెనక ఇదే ఖాళీ ఉంటుందని ఆమెకు తెలిసిపోయింది. ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చింది. ఏడుస్తూనే రాసిందంతా అడ్డంగా కొట్టేసి, కాగితం తీసుకెళ్ళి హెడ్మాస్టరు చేతిలో పెట్టింది.

“పిచ్చిదానా! ఏం చేశావే!”

“నాకేం రాదు సార్. ఫెయిలు చేసెయ్యండి.”

మేజరు ఆ కాగితం చూసి ఒకటే మాట అడిగాడు. “ఎవరు చెప్పారు నీకు?” ఆమె నోరు విప్పలేదు. కుట్రకు నాయకురాలివి నువ్వేనని జీపెక్కమన్నాడు. మిగతావాళ్ళను లారీ ఎక్కించడానికి లేదు, ఫలితం వచ్చేదాకా వాళ్ళు బడి పిల్లలే.

పిల్లల్ని ఎండలో నిలబెట్టారన్న కబురు విని, లాండ్రీ ఆడవాళ్ళు తడి చేతులతోనే గేటు దగ్గరికి వచ్చి ఉన్నారు. తల్లి అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది.

“రాశావా?”

“రాసి, కొట్టేశానమ్మా.”

తల్లి చెంప ఛెళ్ళుమనిపించింది. “నా చేతులు ఇలా అయింది ఇందుకా?” అని అరిచింది. అరిచి, వెళ్ళి జీపు ముందు నేల మీద బైఠాయించింది. ఆమె జుట్టు పట్టుకోబోయిన ఆవిడే వచ్చి పక్కన కూర్చుంది. పెద్దమ్మ కూర్చుంది. చూస్తుండగానే రోడ్డంతా కూర్చుంది. సిపాయిలు ఒక్కొక్కరినే ఈడ్చి పక్కన పడేసి జీపుకు దారి చేశారు. ఎండలో నిలబడ్డ పిల్లల్లోంచి ఎవరో “ఫస్టూ!” అని పిలిచారు. ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలియలేదు.

లాకప్పులో కూడా ఒక్కతే. రోడ్డు వైపు ఎత్తులో చిన్న కిటికీ. దెబ్బలకు కాదు ఆమె భయపడింది. కొట్టేసిన సగం పేజీకే మార్కులు వేసి తనను పాస్ చేసేస్తేనో? ఆ హెడ్మాస్టరు అంతపనీ చెయ్యగలడు. అప్పుడు ఈ చేతితోనే అందర్నీ లారీ ఎక్కించినట్టు కాదూ? ఆ ఆలోచనతో ఆమెకు నిద్ర పట్టలేదు, ముద్ద దిగలేదు. మనిషి మొహం చూసి ఎన్నాళ్ళయిందో లెక్క తప్పిపోయింది.

ఒక ఉదయం రోడ్డు మీద గోల. ఆ గోలలోంచి అమ్మ గొంతు.

“ఒసేయ్ ఫస్టూ! ఫలితాలొచ్చాయే!”

ఆమె గోడ పట్టుకుని కిటికీ ఊచలకు వేలాడింది. కింద లాండ్రీ మొత్తం ఉంది. క్లాసు మొత్తం ఉంది.

“ఫెయిలయ్యావే తల్లీ!” అని తల్లి రెండు చేతులూ ఎత్తి అరిచింది. ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

“ఎంతమంది పాసయ్యారమ్మా?”

“ఒక్కడూ లేడే! ఒక్కడంటే ఒక్కడూ లేడు! ఆ హెడ్మాస్టరు నిన్ను పాస్ చెయ్యాలనే చూశాడు. మేం పని ఆపేశాం. ఒక్క చొక్కా ఉతకలేదు. కొత్త పటాలానికి ఒంటి మీద గుడ్డ లేక కాంట్రాక్టరే వెళ్ళి నిన్ను ఫెయిలు చెయ్యమని బడి వాళ్ళ కాళ్ళు పట్టుకున్నాడు!”

“మార్కుల్లో నేనే ముందు!” పొడుగోడు గొంతు చించుకున్నాడు. “నా పేరు తప్పుల్లేకుండా రాశానని ఒకటేశారు. నీకు సున్నా!”

ఆమె నవ్వింది. నవ్వుతుంటే కళ్ళనీళ్ళు గోడ మీద పడుతున్నాయి. లోపల్నుంచి కానిస్టేబులు దిగమని అరుస్తున్నాడు.

“భయపడకే!” అని తల్లి మళ్ళీ కేకేసింది. “రేపు ఏటి అవతలి బళ్ళో పరీక్ష. మేమందరం అటు పోతున్నాం. అక్కడా ఒక్కరూ పాసవకుండా చూసి నీ కోసం వస్తాం!”

గుంపు కదలబోయింది. ఊచలు పట్టిన చేతులు జారిపోతుంటే ఆమె ఒళ్ళంతా గొంతు చేసుకుని అరిచింది.

“అమ్మా! అక్కడ మొదటొచ్చే పిల్ల ఎవరో ముందు కనుక్కోండి! తిట్టకండి, ఎవరైనా వెళ్ళి దాని పక్కన కూర్చోండి! అది ఒక్కతే ఉంటుంది!”