రేవులో ఆగిపోయిన మంగతాయారు

నేను ఒక అతుకుల కంప్యూటర్‌ని. ఫలానా కంపెనీ దాన్నని చెప్పుకునే యోగం నాకు లేదు. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక మేడమీద గదిలో, ఎక్కడెక్కడివో భాగాలు తెచ్చి, స్క్రూలు బిగించి నాకు ప్రాణం పోశారు. ఇప్పుడు పాత సామాన్ల కొట్లో ఒక తుప్పు పట్టిన కూలర్ మీద కూర్చున్నాను. కూలర్ ఎంతకీ పలకదు, అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

నా మొదటి యజమాని కొండ్రు ఇమ్మానుయేలు. ఒక వారపత్రికకి డీటీపీ చేసేవాడు. శుభలేఖలూ, ఎన్నికల కరపత్రాలూ కూడా నా మీదే కొట్టేవాడు గానీ, వాటికి అతని వేళ్ళొక్కటే పనిచేసేవి. మనసు కూడా వచ్చి కూర్చునేది పేరిందేవి గారి సీరియల్ చేతికందిన రోజునే. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఏ వారం భాగం ఆ వారమే రాసేది. పై వారం ఏమవుతుందో ఆవిడకే తెలియదు. పాఠకుల ఉత్తరాలొస్తే ఆ ఊపులో కథ నడిచేది.

ఆ కథలో మంగతాయారు, తన్నే మొగుణ్ణి వదిలి కృష్ణ దాటిపోదామని రేవుకి వచ్చింది. దూరాన లాంచీ కనిపించింది. ఎక్కుతుందా, వెనక్కి తిరుగుతుందా? అక్కడ ఆ వారం భాగం ఆగింది. పత్రిక కూడా అక్కడే ఆగి, మూతపడింది. పై భాగం పోస్టులో వస్తుందేమోనని ఇమ్మానుయేలు చాలా రోజులు గుమ్మం వైపు చూడటం నేను గమనించాను.

కొన్నాళ్ళకి అతని కొట్టూ మూతపడింది. "మీ కథంతా దీన్లోనే ఉందమ్మా, మీ దగ్గరే ఉంచుకోండి" అని నన్ను పేరిందేవి గారింట్లో దించాడు. ఆ ఇంటి ఫిల్టర్ కాఫీ వాసన ఇప్పటికీ మరిచిపోలేను. ఆవిడ రిటైరయ్యాక ఆ నవలనే ఇంగ్లీషులో తిరగరాసింది. పుస్తకంగా రావాలంటే ముందు ఏజెంట్లకి పంపాలట. అంటే రచయితకీ ప్రచురణకర్తకీ ముడిపెట్టే పెళ్ళిళ్ళ పేరయ్యలన్నమాట. వాళ్ళు ఎదురుపడరు, ఆన్‌లైన్ ఫారాలు పెడతారు.

ఫారాలతో ఆవిడ పడిన పాట్లు చూసి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. 'మీ నవలని పోలిన పుస్తకాలేవి?' అని అడిగితే, "పోలినవుంటే నేనెందుకు రాయడం?" అని నన్ను కసిరింది. కథ మొత్తం ముగింపుతో సహా ఒక పేజీలో చెప్పమంటే, 'లాంచీ వచ్చింది. మంగతాయారు ఎక్కిందా?' అని ఆపేసింది. నవల పూర్తయిందా అన్న గడిలో మాత్రం తడుముకోకుండా అవునని నొక్కింది. పత్రికల్లో అంతేగా, ఎడిటరు సరేనన్నాక మిగతాది రాయడమేగా! ఏజెంట్లేమో పెళ్ళిచూపుల్లో టిఫిన్లు తిని, కబురు చేస్తామని వెళ్ళిపోయినవాళ్ళలా పత్తా లేకుండా పోయారు.

ఒకరోజు ఢిల్లీ నుంచి ఒక ఏజెంటమ్మ జవాబిచ్చింది. పంపిన పేజీలు నచ్చాయి, నవలంతా పంపండి అని. నా దుమ్ము దులపడానికి వచ్చిన ఇమ్మానుయేలు అది చదివి ఎగిరి గంతేశాడు.

"పంపండమ్మా, ఇంకా చూస్తారేం?"

"ఏం పంపను? చివర రాయందే!"

"రాయలేదా? ఇన్నేళ్ళూ?"

"ఎదురుచూసేవాళ్ళు లేకపోతే నా చెయ్యి కదలదయ్యా. ఎవరి కోసం రాయను?"

ఇమ్మానుయేలు దుమ్ముగుడ్డ పక్కన పెట్టాడు. "నేనున్నానుగదమ్మా! మా ఆవిడ పోయేముందు కూడా అడిగింది, ఆ మంగతాయారు ఏమైందని. తెలీదన్నాను. పాపం, రేవులో నిలబడీ నిలబడీ ఆవిడ కాళ్ళు పడిపోయుంటాయండీ."

పేరిందేవి గారు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. మిగతా కథ తెలుగులోనే మొదలుపెట్టింది, చేత్తో, తెల్ల కాగితాల మీద. వారం వారం ఇమ్మానుయేలు వచ్చి టైపు చేసేవాడు. వయసొచ్చి అతని వేళ్ళు నెమ్మదించాయి. అయినా ఎన్నేళ్ళకో నా మీటలకి మళ్ళీ ఆ చెయ్యి తగిలింది, అంతకంటే నాకేం కావాలి?

ఢిల్లీ సంగతి కూడా చెప్పేస్తాను. ఆ ముగింపుని కూడా ఆవిడే ఇంగ్లీషు చేశాక నవలంతా వెళ్ళింది. బావుంది గానీ మాకు నప్పదని మర్యాదగా జవాబొచ్చింది. ఆవిడ ఒక పూట అన్నం మానేసింది, ఆనక ఇంకో ఫారం తెరిచింది. అది నింపుతుండగానే నా ఊపిరి ఆగిపోయింది, కాబట్టి తరవాతి కథ నాకు తెలియదు.

నాకు బాగా గుర్తున్నది మాత్రం, ఢిల్లీకి పంపకముందు ఆ చివరి భాగం కొట్టిన ఉదయం. ఆవిడ అతని వెనక కుర్చీలో కాఫీ చల్లారబెట్టుకుంటూ కూర్చుంది. ఇమ్మానుయేలు కొడుతూ కొడుతూ పేజీ మధ్యలో ఆగాడు.

"ఎక్కుతుందా అమ్మా?"

"ముందు కొట్టు."

కొట్టాడు. ఒక్కొక్క అక్షరమే, తప్పు పోకుండా. వాక్యం చివర చుక్క పెట్టి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. తరవాత కుర్చీ తిప్పి, ఆ కథ రాసిన మనిషికే కబురు చెప్పాడు.

"ఎక్కిందమ్మా! మంగతాయారు లాంచీ ఎక్కేసింది!"