హౌజు నీళ్లు

నర్సవ్వ పోయిన మూడో నెలలో ఆమె భర్త బుచ్చిరాములు ఒక ప్లాస్టిక్ సీసాలో హౌజు నీళ్లు ముంచి కూతురి చేతిలో పెట్టాడు.

"నీ కాలేజీల పరీక్ష చెయ్యి బిడ్డా. మీ అమ్మను ఈ నీళ్లే పొట్టన పెట్టుకున్నయి. నేనే సంపిన."

విజయశ్రీకి ఆ మాట కొత్త కాదు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ తండ్రి అదే చెబుతున్నాడు. మొదటి లాక్‌డౌన్‌లో తాను పనిచేసే కార్ఖానలో మగ్గాలు ఆగిపోతే ఊరికే కూర్చోలేక, బతుకుదెరువుకు వలసొచ్చిన వడోద్‌లోని తమ గది వెనక తాగునీళ్లు నిలవచేసే ఆ హౌజును ఆయనే కట్టాడు. సిమెంటు సగమే. మిగతా సగం రంగుల మిల్లు బాయిలర్ దగ్గర ఊరికే దొరికిన బొగ్గు బూడిద. కుళాయి దగ్గర బిందెతో నిలబడే బాధ తప్పిందని నర్సవ్వ ఎంత మురిసిందో! మరుసటి ఏప్రిల్‌లో జ్వరం తగిలి, తొమ్మిది రోజులకు ఆస్పత్రిలోనే పోయింది. ముఖమైనా చూడనివ్వలేదు. బూడిదలోని విషం నీళ్లలోకి ఊరి ఆమెను చంపిందని ఆయన నమ్మకం.

విజయశ్రీ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో సహాయకురాలు. బూడిద కలిపిన కాంక్రీటు దిమ్మెలను నీళ్లలో నానబెట్టి, వాటిలోంచి ఏమేం ఊరి నీళ్లలో కలుస్తున్నాయో చూడటమే ఆమె పని. సీసాతోపాటు హౌజు గోడ పెచ్చు కూడా పట్టుకుపోయింది. వారం తర్వాత చూస్తే సీసం, క్రోమియం, ఆర్సెనిక్ ఏదీ తాగే నీటి హద్దు దాటలేదు. పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది.

"బాపూ, నీళ్లు మంచిగనే ఉన్నయి. బూడిదల విషం సిమెంటు గట్టిపడ్డంక అండ్లనే చిక్కుకుంటది. ఊరేది జరంత ఉన్నా మొదటి దినాలల్లనే ఊరిపోతది. నీ తప్పేం లేదు."

ఆయన ముఖం తేలికపడుతుందనుకుంది. నల్లబడింది.

"నీళ్లు కాదంటవా?"

"కాదు బాపూ. కరోనా."

"మరి కరోనా ఇంట్లకు ఎట్లొచ్చింది బిడ్డా? అప్పుడు నీ కాలేజీ బందుండె. మీ అమ్మ గడప దాటలే. సేఠ్ పిలిచిండని కార్ఖానకు పోయింది నేనొక్కన్నే. దగ్గు ముందుగాల నాకే లేసింది."

విజయశ్రీకి అప్పుడు అర్థమైంది. తన చేతులు కట్టిన గోడను తిట్టుకుంటూ ఆయన ఎలాగో బతుకుతున్నాడు. తన ఊపిరే నర్సవ్వను చంపిందనుకుంటే బతకలేడు.

"ఇంకోసారి చూడు. మిషన్లు తప్పు చెప్పయా ఏంది?" అంటూ మళ్లీ సీసా నింపాడు.

ఆమె తీసుకుపోయింది. మళ్లీ చూసింది. అంకెలు మారలేదు.

సాయంత్రం ఆయన గుమ్మంలోనే ఎదురుచూస్తున్నాడు. "ఏమొచ్చింది?"

"మిషన్ ఖరాబైంది బాపూ. బాగుచేసెటోళ్లు రావాలె. జర టైం పడ్తది."

"పట్టనీ," అన్నాడు వెంటనే. "తొందరేం లేదు."

విజయశ్రీ లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. బయటికి వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.