హైమవతి దాహం

ప్రాగ్ నగరంలో ఆ సాయంత్రం హైమవతి దాహం ఆమెకంటే ముందే బారులోకి వెళ్ళి కూర్చుంటుంది. ఆకుపచ్చ గౌను వేసుకుని, జుట్టు విరబోసుకుని, కాలు మీద కాలేసుకుని మరీ కూర్చుంటుంది. హైమవతి ఏనాడైనా అలా కూర్చుందా? కూర్చోనిస్తేగా!

పెళ్ళయి పాతికేళ్ళు నిండాయని భర్త ఉమాపతి ఆమెను తెనాలి నుంచి ఇంత దూరం తీసుకొచ్చాడు. రాత్రి ఎనిమిదవుతున్నా ఇంకా ఎండ ఉంది. వీధి పొడుగునా జనం గ్లాసులు పట్టుకుని నవ్వుకుంటున్నారు.

"ఎవరావిడ?" అంటాడు ఉమాపతి.

"నా దాహమండీ."

"సరే, కాస్త జరగమను" అని కూలబడతాడు.

ముసలి వెయిటరు వస్తాడు. అతని తెలుగు శుభ్రంగా ఉంది. ఉమాపతి తనకో బీరు చెబుతాడు. ఏ రకం, ఎంత చల్లగా, నురగ ఎన్ని వేళ్ళ ఎత్తున ఉండాలో పూసగుచ్చినట్టు చెబుతాడు. "ఆవిడకేం వద్దు" అని ముగిస్తాడు. పాతికేళ్ళుగా ఏ హోటల్లో కూర్చున్నా ఇదే వరస.

"నేను అమ్మగారిని అడుగుతున్నానండీ" అంటాడు వెయిటరు.

హైమవతి తలెత్తుతుంది. పక్క బల్ల మీద ఎవరిదో ఎర్రటి చెర్రీ మందు మెరుస్తోంది. దాహం బల్ల కింద నుంచి ఆమె మోకాలు గిల్లుతుంది. ఈ ఒక్క గ్లాసు నోరు తెరిచి అడగగలిగితే ఇంటికెళ్ళాక మిగతావన్నీ అడగగలదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"అబ్బే, నాకేం వద్దండీ" అంటుంది.

ఏం చేస్తాం, నోటి అలవాటు! మనవైపు మొదటి వద్దుకి విలువ లేదు. అవతలివాళ్ళు "భలేవారే, కాస్త పుచ్చుకోండి" అనాలి. మళ్ళీ వద్దనాలి. మూడోసారికి "మీరింతగా అంటున్నారు గనక" అని అందుకోవాలి. హైమవతి చేతులు ఒళ్ళో పెట్టుకుని రెండోసారి కోసం చూస్తుంది.

"ఇక్కడ ఒక్కసారే అడుగుతామమ్మా" అంటాడు వెయిటరు. దాహాన్ని చెయ్యి పట్టుకుని లేపి, మూల బల్ల దగ్గర ఒంటరిగా ఉన్న పిల్ల దగ్గరికి తీసుకెళతాడు. "ఈవిణ్ణి ఆవిడ వద్దనేశారు. మీకు కావాలా?"

"ఇలా ఇవ్వండి" అంటుంది ఆ పిల్ల. అంతే. ఇద్దరూ చెర్రీ మందు చెప్పుకుని తాగుతారు. మెడల మీద చేతులేసుకుని వీధిలోకి వెళ్ళిపోతారు. దాహం వెనక్కి తిరిగి కూడా చూడదు.

"ఆగండి! నాకు కావాలి!" హైమవతి లేచి అరుస్తుంది.

"ఏం కావాలమ్మా?"

ఆమె పక్క బల్ల మీది గ్లాసు కేసి చూస్తుంది. ఉత్త ఎర్రనీళ్ళు. ఏం అడగాలో తోచక కూర్చుంటుంది.

ఉమాపతి మీసానికంటిన నురగ తుడుచుకుని, "పోనీ, ఏమన్నా తాగుతావుటే?" అంటాడు. పాతికేళ్ళకి అడిగాడు, మహానుభావుడు!

"ఏం వద్దండీ." ఈసారి అది నిజం. అందుకే ఆమెకు ఏడుపొస్తుంది.

కుర్చీ ఒకటి ఖాళీ అయిందని తెలిసి, ఊరి మధ్య పారే వల్టావా నదే గట్టెక్కి, వీధి దాటి, గుమ్మంలో కాళ్ళు తుడుచుకుని లోపలికొస్తుంది. కూర్చుని, ఏ మొహమాటమూ లేకుండా హైమవతి వైపు వేలు చూపిస్తుంది.

"అమ్మగారిని ఒకమాట అడగాలి" అంటాడు వెయిటరు.

"ఆవిడేం అనుకోదు లెండి, పుచ్చుకోండి" అంటాడు ఉమాపతి.

హైమవతి నోరు తెరుస్తుంది. కాదనడానికైనా మనసులో ఏదో ఒకటి కావాలనుండాలి కదా. వెయిటరు ఆమెను జాగ్రత్తగా పొడుగాటి గ్లాసులోకి వంచుతాడు.

నది మర్యాదగా, గుక్క గుక్కగా తాగుతుంది. హైమవతి లోపలికి దిగుతూ ఉంటుంది. అక్కడ వంతెనలన్నీ దీపాలతో తలకిందులుగా వేలాడుతున్నాయి. వాటి మీద వేలమంది ఆడవాళ్ళు, తడి చీరల్లో, తడి గౌనుల్లో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆమె కోసం జరిగి చోటిస్తారు. ఎవరూ ఏమీ అడగరు.