అత్తగారి టమాటా

మా అత్తగారు నుంజియాత ఫిబ్రవరిలో పోయారు. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సిందే, ఆ విషయంలో నాకు పేచీ లేదు. కానీ సరిగ్గా టమాటా నారు పోసే వారం చూసుకుని, విత్తనాలు ఎక్కడ దాచిందీ ఎవరికీ చెప్పకుండా పోవడం ఆవిడకే చెల్లింది. కూరలో ఉప్పెంత వెయ్యాలో ఇరవై ఆరేళ్ళు రోజూ చెప్పిన మనిషి, చెప్పాల్సిన ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

ఆ టమాటా బజార్లో దొరకదు. పొడుగ్గా, కింద చిన్న ముక్కుతో, పలచటి తోలుతో ఉంటుంది. బుట్టలో పెట్టి సార్నో ఊరి సంతదాకా తీసుకెళ్ళేలోపే చితికిపోతుంది. అందుకే ఎవరూ పండించరు. సాస్‌కి మాత్రం దాన్ని మించింది లేదు. అత్తగారు ఏటా ఆగస్టులో రెండో గుత్తి కాయలు కోసి, గింజలు గ్లాసులోకి పిండి, మూడు రోజులు పులియబెట్టి, కడిగి, పాత గుడ్డ మీద ఆరబెట్టేది. ఆ గుడ్డ మడిచి ఎక్కడో దాచేది. ఎలుకల భయమని అనేది. నా భయమని నా అనుమానం.

ఆవిడ పోయిన రోజు బట్టలు తొడిగింది మా ఆడపడుచు తితీనా. కూతురి హక్కది. అత్తగారు ఆ బట్టలు పదకొండేళ్ళ ముందే కింది సొరుగులో సిద్ధంగా పెట్టుకుంది. నల్ల గౌను, మేజోళ్ళు, అడుగు అరగని చెప్పులు, జపమాల, రుమాలు, అన్నీ. ఆ సొరుగు మేమెవరం తెరిచేవాళ్ళం కాదు.

చావింట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించకూడదు, పొరుగువాళ్ళే వండి తెస్తారు. పెళ్ళైన తర్వాత మూడు రోజులు వంట చెయ్యకుండా ఉండటం నాకదే మొదటిసారి. చేతులు ఏం చెయ్యాలో తెలియక అత్తగారి గది సర్దాను. పాత బట్టలు రెండు సంచుల్లోకి తోశాను. మరీ చిరిగినవి పెరట్లో తగలబెట్టాను. వాటిలో ఏమున్నాయంటే చెప్పలేను. కళ్ళు చూస్తున్నాయి, చేతులు తీస్తున్నాయి, మధ్యలో నేను లేను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్ని రోజులు చూసి, తర్వాత చూడటం కూడా మానేశాను.

మార్చిలో తితీనా వచ్చి ఇల్లంతా వెతికింది. గుడ్డ దొరకలేదు.

"సబాతో, మీ ఆవిడ మన అమ్మ విత్తనాల్ని కాల్చేసింది," అంది మా ఆయనతో, నేను పక్కనే ఉండగా.

సబాతో నా వైపు చూడకుండా టోపీ తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. నేను కాదని చెప్పాలంటే, కాదని నాకు తెలియాలి కదా. అప్పటినుంచీ తితీనా నాతో మాట్లాడాలంటే తమ్ముడి ద్వారానే. "మీ ఆవిడని కాఫీలో చక్కెర తగ్గించమను," అనేది, కప్పు నా చేతిలోంచే అందుకుంటూ. సబాతో నర్సరీ నుంచి నారు తెచ్చి నాటాడు. గుండ్రంగా, బుద్ధిగా కాసే రకం.

మే నెలలో బట్టలుతికే తొట్టి వెనక ఒక మొక్క మొలిచింది. నిరుడు కుళ్ళిన కాయలు అక్కడే పారేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆశపడతారు, ఎండిపోతే ఆ పాపం కూడా నాదే అవుతుంది. నాకైతే ఆశా లేదు, భయమూ లేదు. కూరలు కడిగిన నీళ్ళు రోజూ పోశానంతే. జూలై ఆఖరుకి కాయలు ఎర్రబడ్డాయి. కింద చిన్న ముక్కు. రెండో గుత్తి కోసి, గింజలు పులియబెట్టి, కడిగి, బీరువాలో దొరికిన తెల్ల రుమాలు మీద ఆరబెట్టి మడిచాను. సరిగ్గా అత్తగారు చేసినట్టే. చెయ్యి పని చేసింది. మనసు మామూలే.

ఆగస్టు నడుమ వచ్చే చర్చి పండగకి మూడు రోజుల ముందు, ఎప్పటిలాగే, పెరట్లో ఏడాదికి సరిపడా సాస్ పెట్టాం. సబాతో టమాటాలు పిండే మిషన్ తిప్పుతున్నాడు, నేను సీసాకో తులసాకు వేసి నింపుతున్నాను. తితీనా పాత నూనె డ్రమ్ములో సీసాలు పేరుస్తోంది. ఉడికేటప్పుడు ఒకదానికొకటి తగిలి పగలకుండా మధ్యలో గుడ్డలు కుక్కాలి. అందుకే ఆ రెండు సంచులూ తెచ్చాను.

తితీనా ప్రతి గుడ్డా దులుపుతోంది. అత్తగారి నీలం ఆప్రాన్ దులిపింది. చలికోటు లోపలి గుడ్డ వెలుతురుకి ఎత్తి చూసింది. దిండు గలీబు తిరగేసింది. అప్పుడర్థమైంది నాకు, ఆవిడ ఈ రోజు కోసమే ఎదురుచూస్తోందని.

"ఏం వెతుకుతున్నావక్కా, నిధా?" అన్నాడు సబాతో.

"నిధే. మీ ఆవిడకి విలువ తెలియని నిధి."

రెండో సంచీ అడుగుదాకా ఖాళీ అయింది. ఏమీ లేదు.

"చూశావా? కాల్చేసిందంటే నమ్మలేదు నువ్వు. ఆవిడకి అమ్మంటే మొదట్నుంచీ పడదు."

"పడదు, నిజమే," అన్నాను నేను. "ఆవిడకీ నేనంటే పడేది కాదు. ఇద్దరం నిజాయితీగానే ఉన్నాం వదినా. కాల్చానేమో కూడా. నాకు గుర్తులేదు."

లోపలికి వెళ్ళి రుమాలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.

"తొట్టి వెనక ఒక మొక్క దానంతటదే మొలిచింది. మీ అమ్మ రకమే, వెళ్ళి చూసుకో. ఈ విత్తనాలు నీ దగ్గరే ఉంచు. నా దగ్గరుంటే నీకు నిద్రపట్టదు."

తితీనా తొట్టి వైపు వెళ్ళలేదు. రుమాలు విప్పనూ లేదు. వేళ్ళ మధ్య ఒకసారి నలిపింది. లోపల గింజలు గరగరమన్నాయి. మళ్ళీ నలిపింది.

"అదీ ఇలాగే ఉంది," అంది.

"ఏది?" అన్నాను.

"కింది సొరుగులో. గౌను మీద, జపమాల పక్కన. నాలుగు మడతలేసిన రుమాలు. చేతికి గరుగ్గా తగిలింది. పాత గంజి బిగుసుకుందేమో అనుకున్నా. అమ్మే పెట్టుకుంది కదా అని…"

సబాతో మిషన్ ఆపాడు. "ఎక్కడ పెట్టావక్కా?"

"కుడిచేతిలో. జపమాల కింద."

శ్మశానంలో మా వాళ్ళ శవపేటికలు పెట్టే అరలన్నీ సిమెంటు గోడలోనే. అత్తగారిది మూడో వరస, పాలరాయి బిగించేశారు. అక్కడ వానచుక్క కూడా పడదు. ఎలుకలు మాత్రం నిజంగానే ముట్టలేవు.

నాకు కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఇంకో సీసాలో తులసాకు వేశాను.

తితీనా రుమాలు గుండెకి పెట్టుకుని, తమ్ముడి వైపు తిరగబోయి, ఆగి, నా వైపు తిరిగింది.

"ఎర్సీలియా," అంది. ఆవిడ నోట నా పేరు విని ఐదు నెలలైంది. "నువ్వేం కాల్చలేదు. అమ్మతో నేనే పంపించేశాను. తప్పు నాది."